రామాపురం ఒడ్డున పాత ఇంజను

వేటపాలెం స్టేషనులో దిగిన కొత్తమనిషిని ఆటోవాళ్ళు అడిగే మొదటి మాట "ఏ రిసార్టు సార్?" అని. మొన్న జూన్ మొదటివారంలో నన్నూ అలాగే అడిగారు. చేతిలో గొడుగు, చంకలో సంచీ, సంచీలో రెండు స్టాంపు కాగితాలు! ఈ అవతారం ఏ రిసార్టుకు తగినదిగా కనిపించిందో ఆ భగవంతుడికే తెలియాలి. "పల్లెలోకి పోవాలి నాయనా, పడవ బేరముంది" అన్నాను. ఆటో అతను నన్ను ఎగాదిగా చూసి, అడిగినదానికంటె పది రూపాయలు తగ్గించాడు.

నేను తెనాలిలో మోటారు విడిభాగాల కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా పిస్టన్లూ, బేరింగులూ, ప్లగ్గులూ కాగితం మీద అమ్ముతున్నాను. అంతమాత్రాన ఇంజను సంగతి తెలుసని అనుకోవడం, వంటల పుస్తకం అచ్చువేసినవాడికి వంట వచ్చుననుకోవడం లాంటిది. కాని మా కొట్టుకు వచ్చిపోయే రామాపురం కుర్రవాడొకడు అలాగే అనుకున్నాడు. "బాబాయ్ గారూ, పడవా ఇంజనూ కలిపి లక్షా ముప్పైవేలంట. అమ్మ గాజులు కుదువపెట్టింది. మీరొచ్చి కాగితం రాసిపెట్టాల" అన్నాడు. గాజుల మాట చెప్పాక కాదనడం ఎలాగ?

వేటపాలెం దాటితే ఇసుకనేల మొదలు. జీడిమామిడి తోపులూ, సరుగుడు తోటలూ గడిచాక గాలిలో ఉప్పువాసన ముందు వస్తుంది, సముద్రం తరవాత కనిపిస్తుంది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు ప్రకాశం జిల్లాలో ఉండేది. సెలవురోజుల్లో హైదరాబాదు కార్లు బారులు తీరే తీరం ఇదే. ఆ కార్లకు కొంచెం అవతల, ఎండలో బోర్లించిన ఫైబరు పడవలు వరసగా పడివున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరాన వేటనిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. జూన్ 15 తెల్లవారుజామున వేట మొదలవుతుంది. అప్పటికి పడవ చేతిలో లేనివాడు మొదటిరోజుల వేటను ఒడ్డున నిలబడి చూడవలసిందే. మా కుర్రవాడి తొందర అందుకే.

ఈ తీరానికి రేవు లేదు. నిజాంపట్నంలో లాగ కాలువలోకి పడవ తెచ్చుకుని కట్టేసుకునే వీలు లేదు. ఇసుకమీదనుంచి పడవను అలల్లోకి నెట్టాలి, కెరటం విరిగే చోటు దాటాలి, మళ్ళీ అదే చోటు దాటి ఒడ్డుకు రావాలి. దాటే ఆ రెండు నిమిషాల్లో ఇంజను ఆగిందా, పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను కెరటం బోర్లించక మానదు. వేట అయిపోగానే ఇంజను ఊడదీసి, కర్రకు కట్టి, ఇద్దరు మనుషులు భుజాన మోసుకుపోతారు. పసిబిడ్డకైనా ఆ మర్యాద జరగదు.

కుర్రవాడు చీరాలనుంచి ఒక ముసలి మెకానిక్కును కూడా రప్పించాడు. ఆయన్ను అందరూ మామా అంటారు. అమ్మే ఆసామి ఇంటిముందు వేపచెట్టు కింద, నీళ్ళడ్రమ్ము అంచుకు ఇంజను తగిలించి ఉంది. 9.9 గుర్రాల బలం, రెండు సిలిండర్లు, కొత్త పెళ్ళికొడుకులాగ నిగనిగలాడే రంగు. ఆసామి తాడు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఇంజను పలికింది. కుర్రవాడి ముఖం చాటంత అయింది. నేను కలం తీశాను.

మామ మాత్రం "ఆపు" అన్నాడు. పైమూత తీసి, సిలిండరు మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు. "ఇప్పుడు తగిలిన వేడి కాదిది. మనకంటె ముందే ఎవరో దీన్ని పలకరించినట్టుందే!" అన్నాడు.

ఆసామి తల దించుకున్నాడు.

"కాగిన ఇంజను ఎవరు లాగినా పలుకుద్దబ్బాయ్. తెల్లారుజామున, చలిగాలిలో, సముద్రం మీద పలికేదే ఇంజను. చల్లారనీ."

అలా చల్లారడానికి రెండు గంటలు పట్టింది. టీలు తాగాం. ఆ రెండు గంటల్లో నాకు తెలిసిన ఒకే ఒక్క ఇంజను కథ చెప్పి వాళ్ళకు కాలక్షేపం చేశాను. పడవవెనక తగిలించే ఇంజనును మొదట జనంలోకి తెచ్చినవాడు ఓలె ఎవిన్‌రూడ్, నార్వేలో పుట్టి అమెరికా చేరినవాడు. ప్రియురాలు ఐస్‌క్రీం కోరితే సరస్సు దాటి తెడ్డువేసుకుంటూ తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట, ఆ కోపంతో ఇంజను ఆలోచన వచ్చిందట! నిజమో కాదోగాని, 1909లో అమ్మకానికి పెట్టిన మాట నిజం. ఆ నార్వే దేశస్థులే 1953లో కేరళలో కొల్లం దగ్గర నీండకరకు వచ్చి, మనవాళ్ళ పడవలకు ఇంజన్లు అమర్చే పనికి పూనుకున్నారు. మామ అంతా విని, "ఐస్‌క్రీం కోసమా! ఇక్కడ కానాగంతల కోసం" అన్నాడు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చి తీరం పొడుగునా పడవల్ని తుడిచిపెట్టుకుపోయింది. తరవాత సాయంగా వచ్చినవి చాలావరకు ఫైబరు పడవలే. చెక్కపడవకు వడ్రంగి కావాలి, ఫైబరు పడవకు మెకానిక్కు కావాలి, తేడా అంతేనంటాడు మామ.

చల్లారాక పరీక్ష మొదలైంది. తాడు లాగడం మొదటిసారి కాదు, రెండోసారి కాదు, అయిదోసారికి ఇంజను పలికింది. పక్కనున్న సన్నని రంధ్రంలోనుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయా అని చూశాడు. లోపలి రబ్బరు చక్రం సముద్రపునీటిని తోడి ఇంజనును చల్లబరుస్తుంది. ఆ ధార పడకపోతే ఇంజను కాగి బిగుసుకుపోతుంది. ధార బాగానే ఉంది. తరవాత ఆపి, ప్లగ్గులు విప్పాడు. ఒకటి లేత కాఫీరంగు, అది మంచి గుణం. రెండోది నల్లగా, జిడ్డుగా ఉంది. ప్లగ్గుల రంధ్రాల్లో గేజి బిగించి కంప్రెషను చూశాడు. రెండు సిలిండర్ల అంకెలకూ పదోవంతుకు మించిన తేడా ఉండకూడదట, ఉంది. కింద గేర్లపెట్టె మర విప్పితే నూనె తేనెలాగ వచ్చింది. నీళ్ళు చేరిన నూనె పాలు కలిపిన టీలాగ ఉంటుందట. "అబ్బో, శుభ్రంగా ఉందే!" అన్నాను సంతోషంగా.

"నిన్న పోసిన నూనె గుమాస్తా గారూ. దానికేం తెలుసు చెప్పడానికి?"

ప్రొపెల్లరు ఊడదీస్తే వెనక ఇరుసుకు నైలాను వలదారం చుట్టుకుని ఉంది. అది సీలును కోసేస్తుంది, ఆ దారిన నీళ్ళు లోపలికి పోతాయి. "ఇది అందరి ఇంజన్లకూ ఉండేదే" అని దారం కోసి పారేశాడు.

చివరికి, తాడు చుట్టుకునే డబ్బా మూడు బోల్టులు విప్పి, తిరగేసి, కాగితం మీద తట్టాడు. అది నా స్టాంపు కాగితమే, అయినా నేను ఏమీ అనలేదు. ఇసుక రాలింది. ఉప్పుతో గడ్డకట్టిన ఇసుక. అందులో గోరంత గవ్వముక్క.

"గాలికి ఇసుక ఎగురుద్ది గాని గవ్వ ఎగరదు" అన్నాడు మామ నెమ్మదిగా. ఫ్లైవీలును చేత్తో తిప్పి నన్ను చెవి పెట్టమన్నాడు. ఎవరో ఇసుక నములుతున్నట్టు కరకరమంది. "ఎప్పుడు మునిగింది?"

ఆసామి చాలాసేపు మాట్లాడలేదు. "కార్తీకంలో మామా. ఒడ్డుకొస్తా ఉంటే కెరటం అడ్డం కొట్టింది. మా తమ్ముడు పడవకింద పడ్డాడు, తొడ విరిగింది."

"మునిగిన ఇంజనును బయటికి తీయగానే మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు తీసి నీళ్ళు దించి, నూనె పోసి, ఆ పూటే నడిపించాల గదా. లేకపోతే లోపల బేరింగులు తుప్పు పట్టవూ?"

"తెలుసు మామా. తమ్ముణ్ణి చీరాల ఆస్పత్రికి తీసుకుపోయాం. ఇంజను మూడురోజులు ఇసుకలోనే ఉంది. ఏం చెయ్యమంటావు? వాణ్ణి చూసుకోవాలా, దాన్ని చూసుకోవాలా?"

అందరం నేలచూపులు చూశాం. లోపల్నించి చంకకర్రల చప్పుడు వినిపించింది. తమ్ముడు గడపదాకా వచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. వాడిక సముద్రం మీదికి పోడు, ఇద్దరూ లేకుండా పడవ నడవదు, అందుకే ఈ అమ్మకం. ఈ సంగతి మాకు ముందే చెప్పివుంటే రంగుడబ్బా ఖర్చయినా మిగిలేది.

కుర్రవాడు బేరం వదులుకుంటాడనుకున్నాను. వాడు "పడవ బాగుంది గదా మామా?" అన్నాడు. బాగుందన్నాడు మామ. అయితే ఇంజను విప్పించుకుంటాననీ, ఆ ఖర్చు బేరంలో పట్టుకోమనీ అన్నాడు. ఆసామి ఒప్పుకున్నాడు. ఇక నా పని పడింది. డెబ్భైవేలు ఇప్పుడు, మిగతాది రిపేరు ఖర్చు పోను, వేట తెరిచాక సముద్రం మీద ఇంజను నడిచినప్పుడు. ఒడ్డున డ్రమ్ములో ఎంత నడిచినా బరువు మీద నడవడం వేరు గనక ఆ షరతు మామ పెట్టించాడు. బిగింపుపట్టీ మీది నంబరూ, పాత రసీదులోని నంబరూ ఒకటేనని నేను రెండుసార్లు సరిచూశాను. అంతదూరం వెళ్ళి నేను చేసిన ఉపకారం అదొక్కటే. గవ్వముక్క రాలిన కాగితం మడతలు పడింది గనక రెండో కాగితం మీద రాశాను.

చీరాలలో విప్పితే బేరింగులు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయట. మా కొట్టునుంచే సీళ్ళు పంపించాను, లెక్క సరిగ్గానే రాశాను. జూన్ 15 పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది. గాలిహోరు, ఇంజను చప్పుడు, వాటి మధ్య కుర్రవాడి గొంతు: "బాబాయ్ గారూ, రెండో లాగుకే పలికింది! ధార పడతా ఉంది! మీకు కానాగంతలు పంపిస్తా!"

ఇంకా రాలేదు. మా ఆవిడ రోజూ అడుగుతోంది.