శామీర్‌పేటలో మిస్టర్ ఫింగర్స్

మేడ్చల్ హైవే మీది ఫంక్షన్ హాళ్లలో బరాత్‌లకు డీజే బండి పెట్టేవాళ్లం. డీసీఎం నిండా బేస్ బాక్సులు, వెనక జనరేటర్, ముందు తీన్మార్ దంచే పిల్లలు. పెళ్లివాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, ఇంకొంచెం పెంచు!" పెంచేవాళ్లం. కిటికీ అద్దాలు అదిరితేనే బండికి పేరు.

షికాగోలో ఉద్యోగం చేసే మా బాబాయి కొడుకు ఒక సంక్రాంతికి వస్తూ టర్న్‌టేబుల్, దాంతో పాటు పన్నెండంగుళాల రికార్డు ఒకటి మోసుకొచ్చాడు. ట్రాక్స్ రికార్డ్స్ అనే లేబుల్ వాళ్లు 1986లో వేసింది. మిస్టర్ ఫింగర్స్ పేరుతో లారీ హర్డ్ చేసిన 'కెన్ యూ ఫీల్ ఇట్' అందులో ఉంది. శామీర్‌పేటలో మేం బాక్సులు దాచే షెడ్డులోనే వైర్లు కలిపాం. రాత్రి పది దాటింది, మైకులు బంద్ అయ్యే వేళ. అందుకని వాల్యూమ్ బాగా తగ్గించాం.

ముందు వినబడింది చిటపటలే. ట్రాక్స్ యజమాని లారీ షెర్మన్ పాత రికార్డులు కరిగించి, ఆ ముద్దతోనే కొత్తవి అచ్చు వేయించేవాడట. ఆ చప్పుడు వెనక నుంచి బేస్ వచ్చింది. మా బాక్సుల్లోంచి బేస్ అంత మెత్తగా రావడం నేనెప్పుడూ వినలేదు. ఛాతీ మీద గుద్దలేదు. పొలానికి నీళ్లు పెట్టినట్టు నిదానంగా షెడ్డంతా పరుచుకుంది. దాని మీద కీబోర్డు స్వరాలు వచ్చి, కాసేపు నిలిచి, కరిగిపోతున్నాయి. మాట లేదు, అరుపు లేదు. డ్రమ్స్ మాత్రం ఎక్కడా తడబడవు. హర్డ్ మొదట డ్రమ్మర్, ఆ సంగతి ఇందులో తెలుస్తుంది. ఒక రోలాండ్ జూనో-60 కీబోర్డు, ఒక డ్రమ్ మెషిన్‌తో ఇంత చేశాడంటే, డీసీఎం నిండా సామాను మోసే నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

బయట మంచం మీద పడుకున్న మా జనరేటర్ పెద్దాయన లేచి వచ్చాడు. "ఏం పాట్రా ఇది, మాటల్లేవు? భజన లెక్క ఉంది" అన్నాడు. ఆపమంటాడేమో అనుకున్నాం. కూర్చుని, అయిపోయాక "మల్లొకసారి పెట్టు తమ్మీ" అన్నాడు.

ఆ తర్వాత హల్దీ ఫంక్షన్లలో, భోజనాల వేళ, మెల్లగా ఈ రికార్డు పెట్టడం మొదలుపెట్టాను. పక్కవాళ్లతో మాట్లాడుకుంటూనే జనం తల ఊపేవారు. ఈ తరహా సంగీతానికి డీప్ హౌస్ అనే పేరుందని అక్కడ ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తొలినాటి డీప్ హౌస్ రికార్డుల్లో దీన్ని మించినది నాకింతవరకు దొరకలేదు.

ట్రాక్స్ లేబుల్ మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. షికాగో పిల్లలు ఇళ్లలో కట్టిన పాటలను లోకానికి అందించింది ట్రాక్సే. కానీ తన పాటల హక్కుల కోసం హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్‌తో కలిసి 2020లో ఆ సంస్థ మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2022లో రాజీ కుదిరి హక్కులు వాళ్ల చేతికొచ్చాయి. హర్డ్‌కు 1985 నుంచీ అలీవియేటెడ్ అనే సొంత లేబుల్ ఉంది. 2018లో 'సెరెబ్రల్ హెమిస్ఫియర్స్' అనే ఆల్బమ్ దాని మీదే వచ్చింది. ఆయన సంగీతం నచ్చితే అది కొని వినండి.