ఒక ఉల్లికారం, రెండు వడ్డనలు

'ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు' అని సామెత. వినడానికి ఉల్లిపాయను పొగిడినట్టే ఉంటుంది. కానీ మా అద్దంకి వైపు ఇళ్లల్లో కూరగాయలు నిండుకున్న పూట నలుగురు చుట్టాలు చెప్పాపెట్టకుండా దిగితే ఆదుకునేది ఈ ఇద్దరూ కలిసే. బుట్టలో ఉల్లిపాయలుంటాయి, వంటింట్లో తల్లి ఉంటుంది. ఇద్దరూ ఎప్పుడూ అక్కడే ఉంటారన్న ధీమాతోనే ఇంటి పెద్ద 'భోంచేసి వెళ్దురుగాని కూర్చోండి' అనగలుగుతాడు. పిలుపు ఆయనది, మంచి పేరూ ఆయనదే.

ఆ పూట మా అమ్మ చేసేది ఉల్లికారం. ఆరుగురికి అరకిలో ఉల్లిపాయలు, పదిహేను ఎండుమిరపకాయలు, ఉసిరికాయంత చింతపండు, పది వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర, తగినంత ఉప్పు. మిరపకాయలు తొడిమలు తీసి చుక్క నూనెలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. మాడితే చేదెక్కుతుంది. రోట్లో ముందు మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర దంచి, చింతపండూ వెల్లుల్లీ కలిపి నూరి, చివర్న ఉల్లిపాయ ముక్కలు వేసి కచ్చాపచ్చాగా తొక్కాలి. మరీ మెత్తబడితే నీరు ఊరి పచ్చివాసన ఒక పట్టాన పోదు. మూకుట్లో వేరుశనగ నూనె కాస్త ధారాళంగానే పోసి, ఆవాలు, మినప్పప్పు, కరివేపాకుతో తిరగమోత పెట్టి, ఈ ముద్ద వేసి, సన్నటి సెగ మీద నూనె పైకి తేలేదాకా మగ్గనివ్వాలి. వేడి అన్నంలో, నెయ్యితో మొదటి ముద్దకే కళ్లవెంట నీళ్లొస్తాయి. అయినా రెండో ముద్ద ఆగదు. మిగిలితే మర్నాడు ఇడ్లీల్లోకి బాగుంటుంది. మా ఇంట్లో మిగిలేది మూకుడు అడుగున అంటుకున్నది మాత్రమే. అందులో అన్నం కలుపుకుని తినడం అమ్మ వంతు.

'ఏముందమ్మా, ఉల్లికారమే కదా, చిటికెలో అయిపోతుంది' అనేవారు చుట్టాలు. అమ్మకు శ్రమ ఇవ్వడం లేదని చెప్పుకునే మర్యాద మాట అది. ఆ చిటికె అమ్మ చేతుల మీద ఎంతసేపుండేదో వాళ్లకు తెలిసే అవకాశం లేదు. ఉల్లిపాయ పొరలు తెగగానే గంధకం కలిసిన ఒక ఆవిరి పుట్టి కంటి తడిని తాకుతుంది. ఆ ఆవిరి పుట్టడానికి కారణమైన ప్రత్యేక ఎంజైమును జపాన్ శాస్త్రజ్ఞులు గుర్తించింది 2002లో. అంతవరకూ వంటింటి కన్నీళ్లకు అంత ఖచ్చితమైన కారణం ఎవరూ చెప్పలేదు. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ గింజల్లో కన్నా, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఎక్కువుంటుంది. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని నీళ్లతో కడిగినా చేతుల మంట తగ్గదు. అమ్మ ఈ శాస్త్రం చదవలేదు గానీ చేతులకు నూనె రాసుకునేది. రాసుకున్నాక కూడా నా చెల్లెలికి పాలివ్వడానికి భయపడేది. ఏడుస్తున్న పిల్లను మోచేతులతో ఎత్తుకుని నిలబడిన అమ్మ నాకు గుర్తు. ముందు గదిలో అప్పుడు చుట్టాలు తాంబూలం వేసుకుంటున్నారు.

అతిథి మర్యాదలకు మా ఊరికి పాత పేరే ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యమేలాడు. భారతంలో అరణ్యపర్వశేషం పూర్తిచేసిన ఎర్రన ఆయన ఆస్థానకవి. రెడ్డిరాజుల పంక్తిలో ఏం వడ్డించారో గానీ మిరపకాయ మాత్రం ఉండి ఉండదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మిరప మన తీరాలకు చేరింది పదహారో శతాబ్దంలో. అంతవరకూ కారం అంటే ప్రధానంగా మిరియాలే. మిరియం పేరునే అరువు తెచ్చుకుని మిరపకాయ మన వంటింట్లోకి అతిథిగా వచ్చింది. నాలుగైదు వందల ఏళ్లలో ఇంటి యజమాని అయి కూర్చుంది. ఇప్పుడు గుంటూరు, ప్రకాశం నేలల గురించి మాట్లాడితే మొదట గుర్తొచ్చేవి పత్తీ మిరపే. సముద్రం దాటి వచ్చిన పరాయి కాయను అంత సులువుగా సొంతం చేసుకున్నవాళ్లం, ఊరి చివర పుట్టిన మనిషిని లోపలికి రానివ్వడానికి ఎందుకు ఇన్ని వందల ఏళ్లు తీసుకుంటున్నాం?

అతిథులుగా వెళ్లిన కవులు భోజనం బాగాలేకపోతే పద్యం చెప్పేవారు. పల్నాటి జొన్నకూడు గొంతు దిగలేదని విసుక్కునే చాటువులు శ్రీనాథుడి పేర ఇప్పటికీ చెలామణిలో ఉన్నాయి. అతిథి విసుగు సాహిత్యమై నిలిచింది. ఆ మెట్టనేలలో, నీళ్లు మోసుకొచ్చి, జొన్నలు దంచి, ఆ పూట ఆయనకు సంకటి పెట్టిన ఆడమనిషి ఏమనుకుందో మనకు అందలేదు. మెచ్చుకున్నప్పుడు కూడా మన సమాజం వండిన స్త్రీకి ఒకటే బిరుదు దాచిపెట్టింది, అన్నపూర్ణ అని. డొక్కా సీతమ్మ గారి పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టారు. గౌరవమే. కానీ అన్నం పెట్టడం కాకుండా ఇంకేం చేసినందుకు ఎంతమంది స్త్రీల పేర్లు ఇలా ఊరూరా వినపడుతున్నాయి అని అడగాలనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పింది వంటింట్లో నా తల్లి కథ. ఉల్లికారంలోని మిరపకాయకు ఇంకో కథ ఉంది.

నా చిన్నతనం 1980ల్లో. సాగర్ కుడికాలువ నీళ్లు అందే మా పొలాల్లో సంక్రాంతి వెళ్లాక మిరపకోతలు ముమ్మరంగా సాగేవి. కోసేది ఆడవాళ్లు. కల్లంలో ఎండబెట్టి, తిరగేసి, తాలుకాయలు ఏరేదీ ఆడవాళ్లే. ఆ తర్వాత గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని తొడిమలు తీసేదీ వాళ్లే, కిలోల లెక్కన కూలికి. తొడుగుల్లేని వేళ్లతో పొద్దస్తమానం ఆ పని. ముక్కుకు చెంగు కట్టుకున్నా దగ్గు ఆగదు. రాత్రి పిల్లల్ని తాకాలంటే భయం. అమ్మ చుట్టాలొచ్చిన పూట పడ్డ మంట వాళ్లకు నాలుగు నెలల పాటు రోజువారీ జీవితం. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. మా కల్లంలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, మగకూలీకి ఒక రేటు, ఆడకూలీకి ఒక రేటు.

కోతల రోజుల్లో మధ్యాహ్నం అన్నం మా ఇంటి నుంచి వెళ్లేది. కూరలు వండే తీరిక ఉండదు కాబట్టి తరచుగా ఉల్లికారమే. చుట్టాలకు చేసినట్టే, అదే రోట్లో, అదే మూకుట్లో. ఒక్కోరోజు ఇంటికి చుట్టాలూ వచ్చేవారు, పొలంలో కూలీలూ ఉండేవారు. అప్పుడు ఒకే ఉల్లికారానికి రెండు వడ్డనలు. ముందు గదిలో విస్తళ్లు, నెయ్యి, 'ఇంకొంచెం వేయించుకోండి అన్నయ్యగారూ' అన్న బతిమాలడం. పెరట్లోనో పొలం గట్టునో ఎవరి సత్తుగిన్నె వాళ్లు పట్టుకుంటే పైనుంచి పడే అన్నం, దాని మీద ఒక గరిటెడు ఉల్లికారం, 'ఏమే, గిన్నె ఇటు పెట్టు' అన్న కేక. అమ్మ చేతి మంట రెండు చోట్లా ఒకటే. నోటి మాట మాత్రం మారిపోయేది. మొదటిది ఆతిథ్యం, రెండోది కూలిలో భాగం. మిరప కోసిన చేతులు ఆ ఇంటి గడప లోపలికి రాకూడదు. వాళ్లు కోసిన కాయ మాత్రం దేవుడి గది పక్కనే జాడీలో ఉండొచ్చు.

అదే ప్రకాశం జిల్లాలో, చీరాల దగ్గరి కారంచేడులో, తాగే నీళ్ల చెరువును మురికి చేయొద్దన్న దగ్గర మొదలైన గొడవలో మున్నంగి సువార్త నీళ్లకు తెచ్చుకున్న బిందె ఎత్తి ఎదురు తిరిగింది. మర్నాడు, 1985 జులై 17న, దళితవాడ మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. మా ఇంట్లో పెద్దవాళ్లు కొన్నాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. పెరటి వడ్డన మాత్రం ఆ తర్వాతి కోతలకూ మారలేదు.

మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని గట్టిగానే ప్రశ్నించింది. విమల 'వంటిల్లు', సత్యవతి గారి 'ఇల్లలకగానే' చదివి మా తరం తమ తల్లుల్ని కొత్తగా చూడడం నేర్చుకుంది. ఇల్లు అలికీ అలికీ పేరే మర్చిపోయిన ఆ ఇల్లాలిలో నాకు మా అమ్మ కనిపించింది. ఆ వెంటనే గోగు శ్యామల, జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి లాంటి దళిత రచయిత్రుల రచనలు, స్త్రీలందరి అనుభవం ఒకటేనన్న మాటను నిలదీశాయి. వంటింట్లోంచి బయటికి రావాలన్నది మనలో కొందరి పోరాటం. ఆ వంటింట్లోకి రానివ్వని వాళ్లకు ఆ పోరాటం ఎలా వినిపిస్తుంది? మా అమ్మ శ్రమ కనపడని శ్రమ అయితే, ఆమె గిన్నెలో గరిటె ఎత్తి వేసిన స్త్రీ శ్రమను ఏమనాలి? మా అమ్మ బాధితురాలే, ఆ గరిటె ఎత్తు నిర్ణయించిన మనిషి కూడా. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో రాయలేకపోతే మన వ్యాసాలు సగమే నిజం చెప్తాయి.

ఒంగోలులో నాతోపాటు పాఠాలు చెప్పే ఒక స్నేహితురాలు ఓ ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఉల్లికారం చేశాను. మొదటి ముద్ద తిని కాసేపు మాట్లాడలేదు. 'మా అమ్మక్కూడా మిరపకోతల్లో ఇదే పెట్టేవాళ్లక్కా. కానీ ఎప్పుడూ వేడిగా తిన్లేదంట' అంది. తర్వాత నవ్వుతూ, 'మా ఇంట్లో దీంట్లో ఎండురొయ్యలు పడాల్సిందే. ఈసారి మీరే రండి' అంది.

ఫలానావాళ్లకి మా ఇంట్లో అన్నం పెట్టామని చెప్పుకోవడం మా బంధువుల్లో ఇప్పుడు అభ్యుదయం కింద చెల్లుతుంది. ఎవరింట్లో తిన్నామన్న లెక్క ఎవరూ చెప్పరు. పెట్టే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. చేయి చాచి పెట్టించుకున్నప్పుడే కదా ఆతిథ్యం రెండు వైపులా నడిచేది.

వెళ్లాను. రోటి దగ్గర వాళ్లమ్మే కూర్చుంది. ఆ ఇంట్లోనూ ఆ పని ఆడదానిదే. వేయించిన ఎండురొయ్యల వాసన వీధిదాకా వస్తోంది. నన్ను చూసి లేవబోతూ 'అమ్మగారూ' అంది. 'అక్క అనమ్మా' అని కూతురు కసిరింది. ఆమె ఆ రెండూ అనలేదు. ఆ తర్వాత నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. పీట వేసి, కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, నేను తినడం చూసింది. అన్నం సగం అయ్యేసరికి గరిటె నా కంచం దాకా వంచి, 'ఇంకాస్త వేసుకో' అంది.