కారు నెత్తిన పెట్టె

మా అమ్మకి అరసవిల్లి సూర్యనారాయణమూర్తిని చూడాలని ఎప్పట్నించో కోరిక. అక్కడిదాకా వెళ్ళి శ్రీకూర్మం చూడకుండా వస్తే నలుగురూ నవ్వుతారని రెండో కోరిక. రాజమండ్రి నుంచి శ్రీకాకుళం మూడువందల కిలోమీటర్లు. దసరా సెలవులు. ఇంట్లో కారుంది. ఇంకేం కావాలి అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను.

కారుంది, నిజమే. అయితే అది గ్యాసు కారు. పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని లెక్కలు వేసుకుని మరీ కొన్నాను. తీరా ఇంటికి తెచ్చాక చూస్తే, వెనక సామాన్లు పెట్టుకోవలసిన చోట సిలిండరు దొరగారిలా కాళ్ళు చాపుకుని కూచునుంది. దాని పక్కన ఓ చేతిసంచీ, నాలుగు జతల చెప్పులూ పడతాయి. మేం అయిదుగురం: అమ్మ, మా ఆవిడ, నేను, పిల్లలిద్దరూ. మనుషులకు చోటు సరిపోయింది. మనుషుల వెంట వచ్చేవాటికే లేదు.

బట్టల మాట అటుంచండి, ఒళ్ళో పెట్టుకునయినా పోవచ్చు. అమ్మకి మోకాళ్ళు వంగి రెండేళ్ళయింది. నడవడానికో వాకరుంది. అది కాక ఓ మడత కుర్చీ ఉంది. ఆ కుర్చీ ఎందుకో మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టి చెప్పరు, 'అమ్మ కుర్చీ' అంటాం, అంతే. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే మీకు తెలిసే ఉంటుంది. హోటళ్ళలో, సత్రాలలో ఆవిడ కూచుని లేవడానికి వీలుంటుందన్న భరోసా లేదు. కుర్చీ రాకపోతే ఆవిడ గడప దాటదు.

"దీనికింత ఆలోచన ఎందుకండీ, పైన కారియరు కట్టిద్దాం" అన్నది మా ఆవిడే. నాకూ నచ్చింది. నా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకు వెళ్ళే అంబాసిడర్ల నెత్తిమీద ఇనప కారియరూ, దానిమీద హోల్డాలూ, ట్రంకుపెట్టే, అరటిగెలా తాళ్ళతో బిగించి ఉండేవి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గాని, ఆ దృశ్యం నా కళ్ళముందు నుంచి పోలేదు. మర్నాడే ఓ వెల్డింగు షాపాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కారు చుట్టూ తిరిగి, "పాత కార్లకి టాపు అంచున వాన నీళ్ళు జారే గట్టు ఉండేది మాస్టారూ, కారియరు కాళ్ళు దాన్ని పట్టుకునేవి. ఇప్పటి కార్లకి అదేదీ?" అన్నాడు. అని ఊరుకోక, తలుపు సందులో కొక్కేలు పెట్టి ఎలాగో నిలబెడతానన్నాడు. సరే అని వచ్చి, ఆ సంగతి భోజనాల దగ్గర కాస్త గొప్పగానే చెప్పాను. వాకరూ, కుర్చీ పైన పడేసి తాడుతో కడితే శ్రీకాకుళం దాకా కదలవన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. మజ్జిగన్నం తిని లేచింది. రాత్రి పడుకోబోయే ముందు, "ఒరేయ్ అబ్బాయ్, నా ఒంట్లో అంత బావుండటం లేదురా. మీరు వెళ్ళిరండి. మీరు చూస్తే నేను చూసినట్టే" అంది.

నేను నాడి చూశాను, జ్వరం మాత్ర ఇవ్వబోయాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి మహాకావ్యాల్లో భావం విప్పి చెబుతున్నవాణ్ణి, మా అమ్మ మాటలో భావం నాకు అందలేదు. మా ఆవిడే నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ కుర్చీ కారు నెత్తిన కట్టుకుని అన్నవరం, తుని, విశాఖపట్నం ఊరేగిస్తానంటే అత్తయ్యగారు ఎలా వస్తారండీ?" అంది.

కారియరు బేరం అక్కడితో సరి.

మూత ఉన్నదే కావాలి కాబట్టి మిగిలినవి రెండు. ఒకటి గుడ్డ సంచీ: మందపాటి రెగ్జిను లాంటి గుడ్డతో చేసి, పట్టీలతో బిగించేది. చవక, వాడనప్పుడు మడిచి అటకమీద పడేయవచ్చు. మా ఎదురింటాయన అటువంటిది కొన్నారు. పట్టీలు తలుపుల్లోంచి లోపలికి తీసి బిగించారట. వాన కురిస్తే ఆ పట్టీల వెంటే నీళ్ళు దిగి వాళ్ళ మామగారి భుజం తడిపాయట. పైగా కుర్చీ కాళ్ళు గుడ్డని పొడుస్తాయి. తాళం వెయ్యడానికీ వీలుండదు.

రెండోది గట్టి ప్లాస్టికు పెట్టె. ఇందులో దిగాక తెలిసింది, ఇదో పెద్ద శాస్త్రమని. మా వాడు ఎక్కడో చదివి చెప్పాడు: ఈ పెట్టెలకు పేరుపడ్డ థూలే అనే స్వీడను కంపెనీ 1942లో మొదలయినప్పుడు చేపలు పట్టే బోనులు చేసేదట. మేం కొన్నది వాళ్ళది కాదు గాని, అయిదుగురి సామాను పట్టే బోను కోసం వెతుకుతున్న మాకు ఆ మాట శుభశకునంగా తోచింది.

ముందు చూడవలసింది పెట్టె కాదు, కారుతో ఇచ్చిన పుస్తకం. కొన్న రోజున సొరుగులో పడేసిన ఆ పుస్తకం మొదటిసారి తెరిచాను. పైకప్పు మీద 50 కిలోలకు మించరాదని ఉంది. అబ్బో, యాభయ్యే! అన్నాను. మా ఆవిడ కాగితం తీసింది. "అడ్డకమ్మీలు అయిదు కిలోలు. పెట్టె పదమూడు. అవీ ఆ యాభైలోవే. మీకు మిగిలింది ముప్ఫైరెండు" అంది. కప్పు కుంగిపోతుందని కాదు ఈ హద్దు; నెత్తిన బరువెక్కినకొద్దీ మలుపుల్లో, ఉన్నట్టుండి బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి తూలుతుంది. నెత్తిన బిందె పెట్టుకున్న మనిషి పరుగెత్తదు కదా, అదే న్యాయం. కొన్ని కార్లకి పైన మెరిసే పట్టీలుంటాయి. అవి అలంకారానికేనని ఆ కార్ల పుస్తకాల్లోనే ఉంటుంది. చూసి మోసపోకండి.

అంటే బరువయినవి కింద, చోటు తినే తేలికపాటివి పైన. వాకరూ, కుర్చీ అల్యూమినియంవి. రెండూ కలిపి పది కిలోలు లేవు, కాని మంచమంత చోటు కావాలి. వాటి కోసమే పుట్టినట్టుంది ఆ పెట్టె.

షాపువాడు లీటర్లలో చెప్పడం మొదలుపెట్టాడు. మూడువందల ఇరవై, నాలుగువందలు, నాలుగువందల యాభై. పాలు పోసుకునేవాళ్ళకి ఆ లెక్క పనికొస్తుంది. కుర్చీ పాలలాగా మూలల్లోకి పారదు. పైగా గాలి చీల్చుకుపోవడానికి పెట్టె మూతి సన్నంగా ఉంటుంది; బయట కొలిచిన పొడుగు లోపల ఉండదు. అందుకని పాత దుప్పటిలో చుట్టి కుర్చీనే షాపుకి తీసుకెళ్ళాం. "ఏమిటి మేడం అది?" అన్నాడు షాపు కుర్రాడు. "కుర్చీ" అంది మా ఆవిడ, ఇంకోమాటకి తావివ్వకుండా. ఒక పెట్టెలో అడ్డం తగిలింది. ఇంకొక దాంట్లో పట్టింది గాని, దాన్ని కమ్మీల మీద పెట్టి చూస్తే కారు వెనక తలుపు ఎత్తినప్పుడు పెట్టెకి కొట్టుకుంది. మూడోది కుదిరింది. రెండువైపులా తెరుచుకుంటుంది. రోడ్డుమీద లారీలు పోయేవైపు నిలబడి సామాను తీయనక్కర్లేదు. ధర చెబితే నా నోరు తడారిపోయింది. కమ్మీలతో కలిపి ముప్ఫైవేలు దాటింది. మా ఆవిడ నా వంక చూడకుండా ఇచ్చెయ్యమంది.

ఇంటికొచ్చి అమ్మకి చూపించాం. అమ్మాయి మూత ఎత్తి, కుర్చీ లోపల పెట్టి, మూసి తాళం వేసి, "చూశావా మామ్మా, ఏమైనా కనపడుతోందా?" అంది. అమ్మ చుట్టూ వాకరు సాయంతో తిరిగి చూసింది. ఒంట్లో ఎలా ఉందని నేను అడగలేదు. "ఎన్నింటికి బయల్దేరదాం?" అని ఆవిడే అడిగింది.

తెల్లవారుఝామున బయల్దేరుతూనే మా అపార్టుమెంటు సెల్లారులో దూలం దగ్గర మా వాడు కేక పెట్టాడు. కారు ఎత్తుకి పెట్టె ఎత్తు కలిపి రెండు మీటర్లు దాటిందని అప్పటికి నాకు స్ఫురించలేదు. రెండంగుళాల తేడాలో దూలానికి తగిలేది. కారు వెనక్కి తీసి, పెట్టె విప్పి, బయటికి తెచ్చి మళ్ళీ బిగించేసరికి సూర్యనారాయణమూర్తి అరసవిల్లి దాకా పోనక్కర్లేకుండా అక్కడే దర్శనమిచ్చాడు.

జగ్గంపేట దగ్గర ఆగి బిగింపులన్నీ మళ్ళీ చూసుకున్నాను. ఓ మరను సగం చుట్టు తిప్పవలసొచ్చింది. ఎనభై దాటితే నెత్తిన ఈల వినబడేది, గ్యాసు కూడా ఎక్కువే తాగింది. అన్నవరం ప్రసాదం పైన పెడదామన్నారు పిల్లలు. ఎండకి నల్ల పెట్టె పొయ్యిలా కాగుతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు. అమ్మ ఇన్సులిను కూడా అందుకే కిందే, తన చేతిసంచీలోనే పెట్టింది. తుని దాటాక వాన. లోపల అన్నీ పాలిథిన్ కవర్లలో చుట్టే ఉన్నాయి గనక పెట్టెలోకి నీళ్ళు చేరాయో లేదో నేను దిగి చూడలేదు. సాయంత్రం తీస్తే పొడిగానే ఉన్నాయి.

అరసవిల్లి, శ్రీకూర్మం రెండూ ఆవిడ తనివితీరా చూసింది. శ్రీకూర్మం గుళ్ళో పెంచే తాబేళ్ళను చూసి, "నీ కారూ ఇలాగే ఉందిరా" అని నవ్వింది.

తిరిగొచ్చిన మర్నాడు నేనూ, మా వాడూ పెట్టె దింపబోతుంటే అమ్మ వసారాలోకి వచ్చి నుంచుంది.

"ఇప్పుడే తీసేస్తారుట్రా? మీ అక్క కొత్తింట్లోకి వెళ్ళి రెండేళ్ళయింది. ఆ ఇల్లు నేను ఇంకా చూడలేదు."

మావాడు మరలు విప్పడం ఆపి నా వంక చూశాడు.