కుందూ ఒడ్డున కాగితపు కొంగలు

కోయిలకుంట్ల పేరు వినగానే మన పెద్దలకు గుర్తుకు వచ్చేది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న తెల్లదొరలు ఆయనను జనమంతా చూస్తుండగా ఇక్కడనే ఉరి తీశారు. తలను 1877 వరకు కోటలో వేలాడనిచ్చారు. చుట్టూ నల్లరేగడి, జొన్న, శనగ, పత్తి. ప్రక్కన కుందూ నది. 2016 నుండి రైలు కూడా వచ్చింది. ఊరు మంచిదే. అయితే ఆ చుట్టుప్రక్కల పల్లెల్లో కొన్ని ఇళ్ల మధ్య పగలు తాతల నాటివి. పెద్దలు మాట్లాడుకోరు గనుక పిల్లలూ మాట్లాడుకోరు.

ఆ ఊరిలో వేసవి సెలవుల బైబిలు పాఠశాల జరిగినప్పుడు, మూడు మధ్యాహ్నములు పిల్లలకు జపాను ఓరిగామి నేర్పించాము. ఓరి అంటే మడవడం, కామి అంటే కాగితం. కత్తెర లేదు, జిగురు లేదు. కాగితం చైనాలో పుట్టి, బౌద్ధ సన్యాసుల ద్వారా జపాను చేరింది. అక్కడివారు దానిని మడిచి పిట్టలు, కప్పలు, పూలు చేస్తారు.

ఇది మనకు పూర్తిగా క్రొత్తదేమీ కాదు. మన పిల్లలకు కత్తిపడవ, రాకెట్టు వచ్చు. మద్రాసులో టి. సుందరరావుగారు 1893లోనే కాగితాన్ని మడిచి రేఖాగణితం నేర్పే పుస్తకం ఇంగ్లీషులో వేయించారు. జర్మనీ గణిత పండితుడు ఫెలిక్స్ క్లైన్ దాని గురించి వ్రాశాడు. మన పాఠశాలల్లో మాత్రం దాని ఊసే వినబడదు!

కాగితము కొనలేదు. నిరుటి నోటుబుక్కుల పేజీలు చాలు. మూలను ఎదుటి అంచుకు మడిచి, మిగిలిన పట్టీని చింపితే చదరం వస్తుంది. క్యాలెండరు కాగితం మందం, మడతల దగ్గర పగులుతుంది. వార్తాపత్రిక మెత్తన, గీటు నిలవదు. ప్రతి మడతనూ గోరుతో గట్టిగా గీటాలి. మొదటి మడత వెంట్రుకవాసి తప్పినా చివరకు రెక్కలు వంకర పోతాయి. కొంగ చేసేటప్పుడు ఒక చోట పై పొరను ఎత్తి, రెండు ప్రక్కలనూ లోనికి నొక్కాలి. చిన్న పిల్లలకు రెండు చేతులు చాలవు. ప్రక్కవాడు పట్టుకోవాలి.

సాయంత్రం సంఘ పెద్ద ఒకాయన వచ్చి, "అయ్యగారూ, ఆ దేశంలో ఈ పిట్టలకు మొక్కుకుంటారంట గదా? కామి అంటే దేవుడంట. మన పిల్లోళ్లకు నేర్పొచ్చునా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దేవత అనే అర్థమున్న కామి వేరే మాట, పలుకు మాత్రమే ఒకటి. వెయ్యి కొంగలు మడిచితే కోరిక తీరుతుందని జపానులో ఒక నమ్మకం ఉన్నది నిజమే. అది వారి నమ్మకమని పిల్లలకు చెప్పాము గాని, కోరికలు కోరించలేదు. కాగితం మడిచే చేతులు దేనికీ మొక్కడం లేదు గదా.

సడాకో ససాకి కథ కూడా చెప్పాము. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు ఆమెకు రెండేండ్లు. తరువాత రక్త క్యాన్సరు వచ్చింది. ఆసుపత్రిలో మందుల పొట్లాల కాగితాలతో కొంగలు మడిచింది. 644 దగ్గర ఆగిపోయిందని ఒక పిల్లల పుస్తకం చెబుతుంది గాని, వెయ్యి దాటించిందని ఆమె ఇంటివారు చెప్పారు. 1955 అక్టోబరు 25న, పన్నెండేండ్ల వయస్సులో చనిపోయింది. తోటి పిల్లలు విరాళాలు పోగుచేయగా 1958లో ఆమె జ్ఞాపకార్థం హిరోషిమాలో స్మారకం లేచింది.

కథ అయ్యాక ఒక పిల్ల, "బాంబు వేసినోళ్ల పిల్లలు గూడా చేస్తారా అక్కా?" అని టీచరక్కను అడిగింది. చేస్తారు. అమెరికా నుండి కూడా ఆ స్మారకానికి కొంగల దండలు వస్తాయి.

ఆ మొదటి దినమున, సంగతి తెలియక, మాటల్లేని రెండు ఇళ్ల మగపిల్లలను టీచరక్క ఒకే చాపమీద కూర్చోబెట్టింది. ఒకడు మడిచాడు, ఒకడు పట్టుకున్నాడు. మరునాడు ఒకడు రాలేదు, ఇంట్లో వద్దన్నారట. రెండవవాడు ఇద్దరి కొంగలనూ తన పలకసంచిలో దాచాడు. మూడవనాడు ఆ పిల్లవాని అవ్వ, వాని చేయి పట్టుకొని వచ్చి, అదే చాప దగ్గర వదిలిపెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది.