కాకినాడ నుంచి ఒక ఉత్తరం

ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు నల్లబల్ల మీద పెద్ద సున్న చుట్టి, దాని చుట్టూ మంటలు గీసి, "హీలియం పుట్టిల్లు మన గుంటూరేనర్రా!" అన్నారు. ఆ మాట నన్ను ఎన్నడూ విడిచిపెట్టలేదు. విజయవాడలో స్థిరపడ్డాక కూడా గుంటూరు ప్రస్తావన వస్తే చాలు, మిరపకాయల కంటే ముందు హీలియం గురించే చెప్పేవాణ్ణి. పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రైల్లో పక్కవాళ్ళకు చెప్పాను, మా అమ్మాయికి చిన్నప్పుడు నిద్రపుచ్చే కథగా చెప్పాను. ఆ అమ్మాయే మొన్న కాలేజీలో ఈ విషయం మీద ప్రసంగించబోతూ, "నాన్నా, దీనికి ఆధారం ఏమిటి?" అని అడిగింది. ఆధారం వెదకబోయి ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయాను.

ఆ ఉత్తరం 1868 సెప్టెంబరు 19న కాకినాడలో రాసినది. రాసినవాడు పియర్ జూల్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. చేరవలసిన చోటు పారిస్‌లోని విజ్ఞానశాస్త్రాల అకాడమీ. తాను గుంటూరు నుంచి ఇప్పుడే వస్తున్నాననీ, టపా బయలుదేరబోతున్నది గనుక ముఖ్యమైన ఫలితాలు మాత్రం తొందరగా రాస్తున్నాననీ మొదలుపెడతాడు. అలంకారాలు లేవు. ఓడ కదిలేలోగా ముగించాలన్న ఆత్రం మాత్రం ఉంది.

ఈయన కథ గుంటూరుతో మొదలుకాలేదు. 1824లో పుట్టిన జాన్సెన్‌కు చిన్ననాటి ప్రమాదం వల్ల ఒక కాలు కుంటి. అటువంటి మనిషి 1864లో ఆల్ప్స్ పర్వతాల్లోని ఫౌల్‌హార్న్ శిఖరమెక్కి, సుమారు 2,680 మీటర్ల ఎత్తున ఒక వారం గడిపాడు. సూర్యకాంతిని పట్టకం గుండా విడదీస్తే రంగుల మధ్య నల్లని గీతలు కనబడతాయి కదా. వాటిలో కొన్ని సూర్యుడివి. కొన్ని ఆ కాంతి మన గాలిలోంచి వచ్చేటప్పుడు పడేవి. ఏది ఎవరిది? ఇదే ఆయన ప్రశ్న. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది గనుక, మన గాలి వేసిన గీతలు కూడా పలచబడాలి. అవి అట్లాగే పలచబడ్డాయి. అంతటితో తృప్తిపడక, జెనీవా సరస్సు ఒడ్డున న్యోఁ ఊళ్ళో కట్టెల మంట వేయించి, ఇరవై కిలోమీటర్ల అవతల జెనీవా నుంచి దాన్ని పరిశీలించాడు. దగ్గరగా చూస్తే లేని గీతలు అంత దూరపు గాలి దాటి వచ్చేసరికి కనబడ్డాయి. తరువాత 1866లో పారిస్ గ్యాసు కర్మాగారంలో 37 మీటర్ల గొట్టం నిండా ఆవిరి నింపి, ఆ గీతల్లో నీటి ఆవిరి వాటా ఎంతో తేల్చాడు.

పలచని పొడిగాలి కోసం కొండలెక్కిన ఈ మనిషి, 1868లో శ్రావణమాసపు తడిగాలి వీచే మన గడ్డకు వచ్చాడు. ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఆనాడు శ్రావణ బహుళ అమావాస్య, మన ఇళ్ళల్లో పొలాల అమావాస్య. గ్రహణపు నీడ దక్కను మీదుగా వచ్చి గుంటూరు, బందరు మీదుగా బంగాళాఖాతంలోకి సాగిపోతుంది. మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ ఏర్పాటు చేసిన ఓడలో జాన్సెన్ బందరు చేరాడు. అప్పటికి నాలుగేళ్ళ కిందటే, 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ఆ బందరులోనూ చుట్టుపక్కలా దాదాపు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకుంది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లోనే పూర్తయినా, కృష్ణ మీద రైలు వంతెన రావటానికి ఇంకా పాతికేళ్ళుంది.

గుంటూరే ఎందుకు? సముద్రం ఒడ్డున పొగమంచు భయం, పెద్ద కొండల దగ్గర మబ్బుల భయం. గుంటూరు ఆ రెంటికీ నడుమ ఉంది. పైగా అది పత్తి బేరానికి పేరుపడ్డ ఊరు. నైజాం సీమ నుంచి వచ్చే పత్తి ఇక్కడి నుంచి కాకినాడ, బందరు రేవులకు పోయేది. ఆ వ్యాపారం మీద కొన్ని ఫ్రెంచి కుటుంబాలు గుంటూరులో కాపురముండేవి. వారిలో లెఫోషర్ అనే వర్తకుడు, ఊళ్ళో అన్నిటికంటె ఎత్తైన తన ఇంటి మేడను జాన్సెన్‌కు అప్పగించాడు. అదే వేధశాల అయింది. ఇంగ్లీషువారి పక్షాన మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ బందరులోనూ, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ దుర్భిణులు నిలిపారు. తెలుగునేల మీద ఒకేరోజు ఇన్ని దుర్భిణులు సూర్యుడివైపు తిరగటం అంతకు మునుపు జరిగి ఉండదు.

గ్రహణం పట్టింది. బింబం పూర్తిగా మూసుకుపోయింది ఐదు నిమిషాలకు పైగా. నల్లని బింబం అంచున రెండు పెద్ద జ్వాలాశిఖలు వెలిగాయి. స్పెక్ట్రోస్కోపులో వాటి వెలుగు విడివిడి మెరుపుగీతలుగా కనబడింది. అంటే అవి మండే వాయువులు, ప్రధానంగా ఉదజని. ఇంతవరకు ఆనాడు ఇతరులు కూడా చూశారు. జాన్సెన్ బుర్రలో మాత్రం మరొక ఆలోచన మెరిసింది. ఆ గీతలు ఇంత ప్రకాశంగా ఉంటే, గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనబడవు? స్పెక్ట్రోస్కోపు మామూలు ఎండను రంగులన్నిటి మీదా పరచి పలచన చేస్తుంది. జ్వాల వెలుగు కొద్దిపాటి గీతల్లోనే పోగుపడి ఉంటుంది గనుక పలచబడదు. ఆ సాయంత్రం మబ్బు కమ్మి ప్రయత్నం సాగలేదు. మర్నాడు తెల్లవారకముందే లేచి పరికరాలు సిద్ధం చేసుకున్నాడు. సూర్యుడు పైకి వచ్చాక, సన్నని చీలికను బింబం అంచున నిలిపి చూస్తే, నిన్న చీకట్లో కనబడిన ఎర్రగీత ఇవాళ పట్టపగలు కనబడింది! సెప్టెంబరు 4 దాకా, పదిహేడు రోజులపాటు, అవే జ్వాలలు పుట్టటం, మారటం, మాయమవటం చూస్తూ కూర్చున్నాడు. మనుషులు నిమిషాల లెక్కన ఎదురుచూసే గ్రహణం ఆయనకు గుంటూరులో పదిహేడు రోజులు నడిచింది.

కాకినాడ ఉత్తరంలో ఉన్నది ఇదే. సూయెజ్ కాలువ ఇంకా తెరవలేదు. ఆ ఉత్తరం పారిస్ అకాడమీలో అక్టోబరు 26న గాని వినబడలేదు. రాసిన నాటికి 37 రోజులు. సరిగ్గా అదే సమావేశంలో ఇంగ్లండు నుంచి నార్మన్ లాకియర్ రాసిన మరొక ఉత్తరం కూడా అందింది. ఆయన గ్రహణానికి ఎక్కడికీ పోకుండానే అక్టోబరు 20న అదే పద్ధతిని సాధించాడు. ఎవరు ముందని తగువు పెట్టుకోవటానికి ఇంతకంటె మంచి సందర్భం దొరకదు. కాని అకాడమీ పెద్దలు ఇద్దరినీ గౌరవించారు; 1872లో ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం వెలువడింది. వారిద్దరూ తరువాత స్నేహితులయ్యారు.

ఇక నేను వెదకిన హీలియం? ఆ ఉత్తరంలో లేదు. జ్వాలల్లో కనబడే పసుపుపచ్చని గీతను గ్రహణం నాడు పలువురు చూశారు. బందరులోని పోగ్సన్ కూడా చూశాడు. దాన్ని సోడియం గీతగా భావించటం తేలిక. అది సోడియం గీత ఉండవలసిన చోట లేదని అక్టోబరులో పట్టుకున్నది లాకియర్. కొత్త మూలకమన్న ఊహా, హీలియమన్న పేరూ ఆ తరువాతివి. భూమి మీద దాన్ని రామ్సే 1895లో పట్టుకున్నాడు. మా మాస్టారు చెప్పిన మాట, నేను ఇన్నేళ్ళు ఊరేగించిన మాట, నిజం కాదు.

ఆ రాత్రి మనసు చిన్నబోయిన మాట దాచను. సొంత ఊరి గొప్ప ఒకటి చేజారితే ఇంట్లో వస్తువు పోయినట్టే ఉంటుంది. మరికొంత చదివాను. జాన్సెన్ ఆ తరువాతా ఆగలేదు. ముట్టడిలో ఉన్న పారిస్ నుంచి 1870 డిసెంబరులో బెలూన్ ఎక్కి, గ్రహణం చూడటానికి ఆల్జీరియా పోయాడు. అక్కడ మబ్బు పట్టింది! మరుసటి ఏడాది గ్రహణానికి మళ్ళీ మన దేశానికే, నీలగిరులకు వచ్చాడు. అరవై ఆరేళ్ళ వయసులో, 1890లో, 4,800 మీటర్ల మౌంట్ బ్లాంక్ శిఖరానికి బయలుదేరాడు. నడవలేడు గనుక మార్గదర్శకులు ఆయనను మంచుబండి మీద లాక్కుపోయారు. సూర్యుడి వర్ణపటంలో కనబడే ప్రాణవాయువు పట్టీలు సూర్యుడివా, మన గాలివా అన్నది అక్కడి ప్రశ్న. మన గాలివేనని తేల్చుకుని దిగాడు. 1893లో ఆ శిఖరం మీద వేధశాల కట్టించాడు. అడుగున రాయి తగలక మంచు మీదనే నిలిపిన ఆ కట్టడం క్రమంగా కుంగిపోయింది. ఆయన 1907లో కన్నుమూశాడు. 1909లో దాన్ని తొలగించారు.

పారిస్‌లో ఉన్న భార్య హెన్రియెట్‌కు ఆయన యాత్రల పొడుగునా ఉత్తరాలు రాశాడు. ఫ్రాంస్వాజ్ లొనే అనే పరిశోధకురాలు 2008లో ప్రచురించిన ఆయన జీవిత చరిత్రకు ఆ ఉత్తరాలు పెద్ద ఆధారం.

ఇదంతా చదివాక నాకు తోచినది ఒక్కటే. ఈ మనిషి కుంటికాలితో కొండలెక్కి జీవితమంతా అడిగినది ఒకటే ప్రశ్న: ఇందులో మనదేది, సూర్యుడిదేది? మనది కానిదాన్ని మనదనుకుంటే సూర్యుడి గురించి తెలిసేదీ తప్పే, మన గాలి గురించి తెలిసేదీ తప్పే. అటువంటివాడి పేరు చెప్పి, మనది కాని హీలియాన్ని మన ఖాతాలో రాసుకోవటం ఆయనకు మర్యాద కాదు. పోనీ మనకు మిగిలినది తక్కువా? సూర్యుణ్ణి గ్రహణం దయ కోసం ఎదురుచూడకుండా, ఏ రోజు కావాలంటే ఆ రోజు చదవవచ్చునన్న విద్య గుంటూరు మేడ మీద, 1868 ఆగస్టు 19 ఉదయం మొదటిసారి ఫలించింది. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

అమ్మాయికి ఈ సంగతే చెప్పాను. ప్రసంగం పేరు మార్చుకుంది. మాస్టారికి చెప్పటమే కష్టమయింది. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. వెళ్ళి, నీళ్ళు నములుతూ అంతా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. హీలియం పోయినందుకు బాధపడతారేమోనని చూస్తున్నాను. చివరకు కళ్ళు తెరిచి, "అయితే మర్నాడు పొద్దున్నే మళ్ళీ కనబడిందన్నమాట!" అన్నారు. "కనబడిందండీ" అన్నాను. "ఒరే, ఆ కాగితం ఇలా ఇయ్యి" అని కలం అడిగి, వణికే చేత్తో ఒక సున్న చుట్టి, దాని అంచున చీలిక ఎక్కడ పెట్టాడో చూపించమన్నారు.