గోల్ గుంబజ్ చూశాక మా పైగది

బీజాపూర్ వెళ్లినవాళ్లు గోల్ గుంబజ్‌లో తప్పకుండా చేసే పని అరవడం. మా పిల్లలు దారి పొడవునా దానికే గొంతు సవరించుకున్నారు. ఊరి పేరు ఇప్పుడు విజయపుర అయినా మా ఇంట్లో ఇంకా బీజాపూరే.

ఇది మహమ్మద్ ఆదిల్‌షా సమాధి. 1656 ప్రాంతంలో పూర్తయింది. బయటి కొలతల్లో గుమ్మటం వెడల్పు 44 మీటర్లు, లోపల ఆసరాకి ఒక్క స్తంభం లేదు. మూలనున్న ఏడంతస్తుల బురుజులో ఇరుకు మెట్లెక్కి పైకి చేరితే గుమ్మటం లోపలి అంచు చుట్టూ నడవా ఉంటుంది. అక్కడ గోడ దగ్గర గుసగుసగా అన్న మాట వంపు వెంబడే పాకుతూ వెళ్లి, సరిగ్గా ఎదురువైపు నిలబడ్డవాళ్లకి వినిపిస్తుంది. గట్టిగా అరిస్తే మాత్రం అదే మాట మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది.

మోకాళ్ల నొప్పులతో అమ్మ కిందే కూర్చుంది. దిగి వచ్చేసరికి చెవి మిషన్ తీసి చేతిలో పట్టుకుని ఉంది. ‘‘అరుస్తున్నారని తెలుస్తోంది గానీ ఏమంటున్నారో ఒక్క ముక్క తెలియట్లేదురా. మన పైగదిలోనూ ఇంతేగా!’’ అంది.

పైగది అంటే కూకట్‌పల్లిలో మా డాబా మీద హోమ్ థియేటర్‌ కోసం వేయించిన గది. 18 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. అమ్మ పాత సినిమాలు మాటలు అర్థమయ్యేలా చూడాలన్నదే అసలు ఉద్దేశం. డిజైనర్ కుర్రాడేమో నేలకి పాలరాయి, గోడకి అద్దం, లెదర్ సోఫాలు గీసుకొచ్చాడు. బొమ్మలో అద్భుతంగా ఉంది. వినడానికి అది చిన్న గోల్ గుంబజ్! సౌండ్ పెంచితే గోడలు తిప్పి కొట్టేదీ పెరుగుతుంది. అమ్మకి కావాల్సింది పెద్ద శబ్దం కాదు, ఒక మాట తోక వెనకమాటని మింగకుండా ఉండటం.

ఈ లెక్క తేల్చింది వాలెస్ సబీన్ అనే అమెరికన్ ప్రొఫెసర్. 1895లో హార్వర్డ్‌లో కొత్త ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావట్లేదంటే, ఆయన రాత్రుళ్లు పక్క థియేటర్లోని కుర్చీల పరుపులు మోసుకొచ్చి పరిచి, శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో కొలిచాడు. మనకి తెలిసిన పరుపులే! ఆయన సూత్రం ప్రకారం మా ఖాళీ గదిలో శబ్దం మూడు సెకన్లకు పైగా నిలుస్తుంది. సినిమాకి అర సెకను లోపే ఉండాలి.

అందుకని ముందు స్పీకర్లు కాదు, గుడ్డలు కొనాలని తేల్చాను. లెదర్ బదులు నూలు గుడ్డ సోఫా. కిటికీ గోడకి కుచ్చులు బాగా పెట్టిన బరువైన కర్టెన్లు. పక్క గోడల మీద గుడ్డ కట్టిన రాక్‌వూల్ పలకలు, నాలుగంగుళాల మందం. ఎక్కడ బిగించాలంటారా? మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్లాలి. అద్దంలో స్పీకరు కనిపించిన చోట పలక. బజారులో అమ్మే అంగుళం ఫోమ్ పై స్వరాలనే పీలుస్తుంది, బేస్‌ని ఏమీ చేయలేదు. కోడిగుడ్ల అట్టలైతే మరీ దండగ. ఇంకొకటి, ఇవేవీ శబ్దాన్ని పక్కింటికి పోకుండా ఆపవు. దానికి బరువైన తలుపు, సందుల్లేని కిటికీ కావాలి.

చిక్కొచ్చింది తివాచీ దగ్గరే. గోడ నుంచి గోడకి పరిస్తే శబ్దానికి మంచిదే, కానీ దుమ్ము పడితే అమ్మకి రాత్రంతా దగ్గు. చివరికి ఉతుక్కోగలిగే మందపాటి జంపఖానా సోఫా ముందు వేసి, ఆ లోటు పైకప్పుకి ఇంకో రెండు పలకలు బిగించి పూడ్చుకుంటున్నాం. సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తాయి కాబట్టి దాన్ని మాత్రం చౌకలో కొనట్లేదు, తెర కిందే పెట్టి కొంచెం అమ్మ చెవుల వైపు ఎత్తుతాం.

పలకల గుడ్డ రంగు ఇంకా తేలలేదు. నేను బూడిదరంగు అంటున్నాను. అమ్మ మెరూన్ అంటోంది.