రెండు పద్దులు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ అను పేటలు కలవు. విజయవాడ బాటనుండియు, నాగార్జునసాగరము బాటనుండియు వచ్చు బస్సులు ఎల్.బి.నగర్ కూడలిలో ఆగును. పెట్టెబేడలతో దిగు విద్యార్థులును, వారి తండ్రులును అచ్చట కనబడుచుందురు. పోటీపరీక్షలకు శిక్షణనిచ్చు సంస్థలకును, వసతిగృహములకును దిల్‌సుఖ్‌నగర్ ప్రసిద్ధి.

అట్లు కుమారునితో దిగిన యొక రైతును ఊహింపుడు. కుమారుని శిక్షణకు కట్టిన రుసుము ఆయన దృష్టిలో పెట్టుబడి. ఇంటివద్దనున్న కుమార్తె చదువు ఖర్చు. కట్నము కూడబెట్టవలెనని ఆమె చదువును ఇంటర్మీడియటుతోనే మాన్పించెను. కట్నము నిచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961లోనే చట్టముచే నిషేధింపబడినవి. అయినను కట్నమునకై ఆయన పొలము తాకట్టుపడినది. అప్పు పద్దులోనికెక్కినది, ఆమె సంపాదింపగలిగిన జీతము ఏ పద్దులోను కానరాదు.

ఈ తప్పులెక్క మఱికొన్ని యిండ్లలో ఆడశిశువును పుట్టనే పుట్టనీయదు. సహజముగా 1000 మంది మగశిశువులకు సుమారు 950 మంది ఆడశిశువులు జన్మింతురు. గర్భస్థశిశువు లింగనిర్ధారణను నిషేధించు చట్టము 1994లో వచ్చినది. అయినను ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆఱేండ్లవఱకు గల పిల్లలలో 1000 మంది బాలురకు 2001లో 961 మంది బాలికలుండగా, 2011లో 939 మందియే యుండిరి. ప్రపంచమున పదికోట్లకు పైగా స్త్రీలు లోపించిరని ఆర్థికశాస్త్రవేత్త అమర్త్యసేన్ 1990లో వ్రాసెను. లోపించిన ప్రతి బాలికతోడను దేశము ఒక ఉపాధ్యాయినినో, వైద్యురాలినో, కష్టజీవినో కోల్పోవును.

శాసనములు ఈ లెక్కను కొంత దిద్దినవి. 1986 నాటి ఆంధ్రప్రదేశ శాసనము హిందూ కుటుంబములలో అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో సమానభాగము నిచ్చెను. 2005లో కేంద్రశాసనముచే హిందూ కుటుంబములలోని కుమార్తెలకు సమానహక్కు కలిగెను. దారియు సుగమమైనది. 2018లో ఎల్.బి.నగర్‌నుండి అమీర్‌పేటకు మెట్రోరైలు నడచెను. 2023లో తెలంగాణమున స్త్రీలకు ప్రభుత్వ బస్సులలో ఉచితప్రయాణము మొదలయ్యెను.

ఆ రైతు పొరుగువాడు తన కుమార్తెను దిల్‌సుఖ్‌నగర్‌కు పంపెను. ఆమె చదివి ఉద్యోగము సంపాదించినది. పంట పోయిన యేడు తండ్రి యప్పును తీర్చినది ఆమె జీతమే.

బిడ్డ విలువ ధనముతో కొలువదగినది కాదు. కాని ధనముతోనే కొలుచువారి లెక్కయు తప్పే. ఆ లెక్కను దిద్దవలసిన కలము ప్రతి తండ్రి చేతిలోను, ప్రతి తల్లి చేతిలోను ఉన్నది.